లేసిండా అక్కా?

నిన్న సాయంత్రం టీవీలో కబడ్డీ ఆడుతున్న మా మేనల్లుడు కూతకు వెళ్లి, అవతలి జట్టులోని ఇద్దరు భారీ మనుషుల కింద పడి కనిపించకుండా పోయిన క్షణాన, వాడు లేచాడో లేదో చూపించకుండానే ఆ టీవీ వాళ్లు టూత్‌పేస్టు ప్రకటన వేశారు. వాళ్ల నోట్లో మన్ను పడ! ఎవరో అమ్మాయి తెల్లటి పళ్లతో నవ్వుతూ ఉంటే, వికారాబాదులోని మా ఇంటి ముందుగదిలో నేను కుర్చీ అంచుకు జరిగి, రెండు పిడికిళ్లూ బిగించి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చూడకుండానే తెలుసు, మా తమ్ముడని. మోమిన్‌పేట్ దగ్గర పల్లెలో గొర్రెలను దొడ్డికి తోలి వచ్చి, కొడుకు ఆడే ప్రతి సాయంత్రం వాడు గుమ్మం బయట టీవీ వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. లోపల మా మరదలు "అయ్యో" అనగానే నాకు ఫోను చేస్తాడు. గెలిచారా, ఓడారా అని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. అడిగేది ఒక్కటే మాట. "లేసిండా అక్కా?"

ఇంట్లో భార్య కళ్లారా చూస్తూ ఉండగా, ఇంత దూరాన ఉన్న నన్నే ఎందుకు అడుగుతాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడటమంటే ఓణీని నడుముకు బిగించి కట్టుకుని, నీళ్లు చల్లిన నేల మీద, ఊళ్లో సగం మంది నోళ్లు నొక్కుకుంటూ చూస్తుండగా ఆడటమే. మాది గొర్రెల కాపరుల ఇల్లు. నేను పొట్టిదాన్ని, పైగా పొగరుదాన్ని. కూతకు వెళ్తే ఎవరి చేతికీ దొరికేదాన్ని కాదు. పరిగిలో జరిగిన పోటీల్లో చివరి కూతకు మాత్రం దొరికాను. ముగ్గురు పెద్దపిల్లలు నా మీద పడ్డారు. వాళ్ల కింద నుంచి నా మోకాలు విరిగిన చప్పుడు ముందు నాకే వినిపించింది. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన మా తమ్ముడు గీత పక్కనే నిలబడి అదంతా చూశాడు. నన్ను అక్కడే ఆసుపత్రిలో పడుకోబెట్టాక, అమ్మకు చెప్పడానికి ఆఖరి బస్సు పట్టుకుని వాడే ఇంటికి వెళ్లాడు. ఆ కాలు నడవడానికి పనికొచ్చింది, ఉద్యోగానికీ పనికొచ్చింది గానీ కూతకు మాత్రం మళ్లీ పనికిరాలేదు. చలికాలంలో ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు నన్ను తిట్టిస్తుంది.

ఆ కాలితోనే చదివి, తాండూరు డిగ్రీ కాలేజీలో పిల్లల చేత ఆటలాడించే ఉద్యోగం సంపాదించుకున్నాను. ఉద్యోగపు చివరి రోజుల్లో తమ్ముడి కొడుకు మా కాలేజీలోనే చేరి, నా దగ్గరే ఉండి చదువుకున్నాడు. ఎత్తులో నన్ను కాస్త దాటాడంతే. కానిస్టేబుల్ ఉద్యోగానికి వెళ్తే పరుగులో అందరికన్నా ముందు వచ్చినవాణ్ణి ఎత్తు కొలిచే చోట బయటికి పంపేశారు. ఆ రోజు వాడు అన్నం ముందు కూర్చుని ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేదు. కబడ్డీలో మాత్రం చుట్టుపక్కల కాలేజీల్లో వాణ్ణి పట్టినవాడు లేడు. కానీ మా చుట్టుపక్కల కాలేజీలంటే ఎన్ని, వాటి పేర్లు ఎవరికి తెలుసు?

అప్పుడే మా అన్న వచ్చాడు. తోడబుట్టినవాడు కాదు, జిల్లా పోటీలకు ఇద్దరం రెఫరీలుగా తిరిగిన రోజుల్లో నేను అన్నా అంటే ఆయన చెల్లె అన్నాడు, అంతే. హైదరాబాదులో బాగా డబ్బున్న ఒక జట్టుకు ఆటగాళ్లను ఏరిపెట్టే పని ఆయనది. మా వాడి ఆట పొద్దంతా చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, పోరడు మస్తు ఉషారున్నడు. గని మాకాడ ఒక్కొక్కడు దున్నపోతు లెక్కుంటడు. గసొంటోళ్లు ముగ్గురు మీద వడితె లేస్తడా వీడు? నువ్వే జెప్పు. నువ్వు సై అంటె రేపే తీస్కపోత, వద్దంటె గీ ముచ్చట ఈడికే ఖతం."

ఆయన ఎంత మంచివాడైతే మాత్రం, ఒక మేనత్తను అడగవలసిన మాటేనా అది? సరే అంటే, రేపు వాడి కాలు కూడా నా కాలులాగే అయితే మా తమ్ముడి ముఖం ఎలా చూడను? వద్దంటే, నా ఇంట్లో నా చేతి అన్నం తింటున్న పిల్లవాడి బతుకు నేనే మూసేసిన దాన్నవుతాను. ఆ రాత్రి వాడు కంచం కడుక్కుంటూ, నా వైపు తిరగకుండానే అన్నాడు, "గొర్లు గాయనీకి నాకేం సిగ్గు లేదత్తా. గని ఒక్కసారన్న పొయ్యి సూడకుంట గాస్తె, జిందగీ మొత్తం గదే యాదికొస్తది." ముందు అన్నం సరిగ్గా తిను అని కసిరాను.

వాడితో సమానమైన పిల్లలతో ఆడిస్తే తేలే విషయం కాదిది. తాండూరు మార్కెట్ యార్డులో కంది బస్తాలు మోసే హమాలీలకు ఒక కబడ్డీ జట్టు ఉండేది. యార్డుకు సెలవైన రోజు, బండల పాలిష్ మిషన్ల నుంచి తెచ్చిన తెల్లటి పొడి పోసి చదును చేసిన ఖాళీ జాగాలో ఆడేవారు. పొద్దంతా బస్తా చెవులు పట్టుకుని లాగే చేతులవి, పట్టు దొరికితే వదిలే రకం కాదు. వాళ్ల పెద్దమనిషిని నేను మామా అని పిలిచేదాన్ని. మా వాణ్ణి నిజంగా పట్టండి, మొహమాటం వద్దు అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పసిపోరడు గదా మేడం, ఇరిగితె మాకు పాపం."

"కంది బస్తా అనుకో మామా" అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"బస్తాకు ఇరగనీకి బొక్కలుండయ్ గద మేడం" అన్నాడాయన. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. అయినా బతిమాలి ఒప్పించాను.

సెలవు రోజు వచ్చింది. మా అన్న గట్టు మీద కూర్చున్నాడు. ఆట ఇంకా మొదలు కాలేదు, చూద్దును కదా, భుజాన గొంగడి, చేతిలో కర్రతో మా తమ్ముడు. నేను పిలవలేదు, మా మరదలు నోరు జారి ఉంటుంది. వచ్చీ రాగానే మంచినీళ్లయినా అడగకుండా నా మోకాలి వైపు చూశాడు.

"గీ కాలు ఈడ్సుకుంట గూడ నా కొడుకును గా ఆటల తోలుతవా అక్కా?"

అప్పటికే వాడి కొడుకు చొక్కా విప్పి, మధ్యగీతకు దండం పెట్టుకుని కూత మొదలుపెట్టాడు. పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉన్నాడు. ఎడమ మూలలో నిలబడ్డ హమాలీ కాలు అందుకోబోతే, అందినట్టే అంది తప్పించుకోబోయాడు. ఇంతలో పక్కనున్నవాడు నడుం పట్టాడు, మూడోవాడు పైన పడ్డాడు. కర్ణాటక వైపు నుంచి పనికి వచ్చిన ఒకతను "బిడబ్యాడ, బిడబ్యాడ" అని, అంటే వదలొద్దని, గట్టిగా అరుస్తున్నాడు. తెల్లటి పొడి లేచి, మా వాడు ఎక్కడున్నాడో కూడా కనిపించలేదు. నా పక్కన తమ్ముడి కర్ర నేలలో దిగబడింది. కాసేపటికి ఆ గుట్టలోంచి ఒక చిన్న తల బయటికి వచ్చింది, నోట్లో పొడి ఉమ్మేసి, మళ్లీ గీత దగ్గరికి నడిచింది.

పట్టుబడ్డా మళ్లీ వాడే కూతకు వెళ్లాలని ముందే అనుకున్నాం. రెండోసారి వాడు ఇంకో వైపు వెళ్తాడనుకున్నాను. దెబ్బ తిన్న చోటికి ఎవరైనా వెంటనే పోతారా? వెళ్లాడు, మళ్లీ అదే మూలకు. మళ్లీ అలాగే పట్టారు, ఈసారి ఇంకా గట్టిగా పడ్డారు. లేచేటప్పుడు ఒక చేయి నేలకు ఆనించి, ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో నాకు పరిగి కనిపించింది. ఇక చాలు, ఆపేయండి అనడానికి నేను నోరు తెరిచాను. మా అన్న పెదవి విరిచి, ఈ పిల్లవాడికి బుర్ర లేదేమో అన్నట్టు నా వైపు చూశాడు.

మూడోసారీ అదే మూలకు వెళ్లాడు. మూలనున్న హమాలీ ఇక ఆలోచించనైనా లేదు, వాడి కాలు రాకముందే వంగిపోయాడు. అతని పక్కనున్నవాడు నడుం పట్టడానికి ఎప్పటిలాగే అడుగు ముందుకు వేశాడు. మా వాడు కాలు ఇవ్వనే లేదు. మూలనున్న మనిషినే చూస్తూ, చేయి మాత్రం పక్కకు చాచి, ఆ ముందుకొచ్చినవాడి ఛాతీ మీద తట్టి, మేం చూసేసరికి మధ్యగీత ఇవతల నిలబడి ఆయాసపడుతున్నాడు. అప్పుడర్థమైంది నాకు, మొదటి రెండుసార్లు వాడు పట్టుబడింది ఆ పక్కవాడు ఎప్పుడు కదులుతాడో తెలుసుకోవడానికని. హమాలీలే ముందు ఈల వేశారు.

మా అన్న గట్టు దిగి నా దగ్గరికి వచ్చాడు. చెప్పు చెల్లె అన్నాడు. ఆ ఆట ఎంత గొప్పదో నాకు తెలుసు, రెండోసారి పడ్డాక వాడు నేలకు ఆనించిన చేయీ నాకు కనిపిస్తూనే ఉంది. సై అనాలా, వద్దనాలా? ఆ రోజు నేనేమని ఉండేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే నాకంటే ముందు మా తమ్ముడే మాట్లాడాడు.

"మందల గొర్రెను వట్టాల్నంటె దాని దిక్కు జూడొద్దు సారూ, పక్క గొర్రెను జూస్కుంట పోవాలె. గది వాడు నాకాడ నేర్షిందే" అన్నాడు. గొంగడి అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "తీస్కపోండ్రి. గని వాడు పడ్డప్పుడల్ల లేసిండా లేదా నాకు మా అక్కనే జెప్పాలె. ఇంకెవ్వలు జెప్పినా నేను నమ్మ."

అదీ సంగతి. అందుకే నేను మేనల్లుడు ఆడే ప్రతి ఆటా రెప్ప వేయకుండా చూస్తాను. ఇరుగుపొరుగు వాళ్లు టీచరమ్మకు ఈ వయసులో ఆటల పిచ్చి ఏమిటని నవ్వుకుంటారు. నాకు పిచ్చి లేదు, ఇష్టమూ లేదు, అది మా తమ్ముడు నాకు అప్పగించిన కాపలా.

నిన్న ఫోను ఎత్తగానే అదే మాట అడిగాడు, "లేసిండా అక్కా?" టీవీలో ఆ పళ్లమ్మాయి పోయి, ఎవరో సిమెంటు గురించి చెబుతున్నారు. లేసిండు రా అనేస్తే నా సొమ్మేం పోయింది? వాడు ప్రశాంతంగా అన్నం తింటాడు. కానీ ఆ అబద్ధం ఎలా ఉంటుందో వాడికి నాకంటే బాగా తెలుసు. పరిగి నుంచి ఆఖరి బస్సులో ఇంటికి చేరినప్పుడు, గొర్రెల దొడ్డి దగ్గర నిలబడిన మా అమ్మ, నేను పడ్డానని వినగానే వాణ్ణి ఇదే మాట అడిగిందట, లేసిందా బిడ్డ అని. ఆమె ముఖం చూసి, లేసిందమ్మా, మంచిగ నడుస్తున్నది, రాత్రికి ఆడనే పండుకుంటది అన్నాడట. మర్నాడు నన్ను ఇంటికి తీసుకుపోదామని మొదటి బస్సుకు వచ్చి, కట్టు కట్టి వేలాడదీసిన నా కాలు చూసిన అమ్మ నన్నేమీ అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ వాడి వైపు ఒకసారి చూసింది, అంతే. ఆ చూపును వాడు ఇప్పటికీ మోస్తున్నాడు.

అందుకని నేను అబద్ధం చెప్పలేదు. ఆగు రా అన్నాను. ఇద్దరం ఫోన్లు చెవులకు ఆనించుకుని కూర్చున్నాం. అటువైపు వాడి ఊపిరీ, దొడ్డిలో ఒక గొర్రెపిల్ల అరుపూ వినిపిస్తున్నాయి. సిమెంటు అయిపోయింది. ఆట మళ్లీ వచ్చింది. మా వాడు మ్యాటు పక్కన నిలబడి, వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు.

"లేసిండు రా" అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

హమాలీలు ఆడిన ఆ తెల్లటి పొడి నేల మీద ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. పొట్టివాడు పనికొస్తాడా అని ఏ అన్నా ఏ చెల్లెలినీ అడగడు, అన్నీ యంత్రాలే కొలుస్తాయట. మేలే అయి ఉంటుంది. మా మేనల్లుడి చుట్టూ డాక్టర్లున్నారు, నాకు లేనివన్నీ ఉన్నాయి. కానీ నిన్న ఫోను పెట్టేశాక చాలాసేపు మా అమ్మే గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో ఒక అబద్ధానికి తెల్లవారి మొదటి బస్సు దాకా ఆయుష్షు ఉండేది. మా తమ్ముడి మాట నమ్మి అమ్మ ఆ రాత్రి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయిందట. అలాంటి ఒక్క రాత్రి తమ్ముడికి ఇద్దామంటే, ఇప్పుడు నా అబద్ధానికి ఒక ప్రకటన అయ్యేంత ఆయుష్షు కూడా లేదు.