శుక్రవారం చుక్కల పరుగు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ చూసుకోవడం నా ఉద్యోగం. కణంలోని ప్రోటీన్‌కు మెరిసే రంగు తగిలిస్తే, తగిన కాంతి పడగానే అది చుక్కలా వెలుగుతుంది. వరసగా ఫోటోలు తీసి, ఏ చుక్క ఎటు పోయిందో కంప్యూటర్‌తో గీత గీయిస్తాం. దీన్ని ట్రాకింగ్ అంటారు. ఏళ్ల తరబడి చుక్కల వెంట పడుతున్నా నాకు విసుగు రాలేదు.

ఆ ఏడు రఘునాథపల్లి నుంచి స్రవంతి అనే పరిశోధక విద్యార్థిని వచ్చేది. ఒక మందు పెడితే కణంలో చుక్కల వేగం పెరుగుతుందని ఆమె నమ్మకం. నెలాఖరున కమిటీ ముందు అది చూపిస్తేనే ఫెలోషిప్, అంటే నెలనెలా వచ్చే భృతి, మరో ఏడాది పొడిగిస్తారు. ఒక శుక్రవారం నన్ను స్క్రీన్ దగ్గరికి పిలిచింది.

“అక్కా, మందు పెట్టినయి ఎట్ల ఉర్కుతానయో చూడు.”

నిజంగానే ఉరుకుతున్నాయి. కణాలు పెంచే చిన్న గిన్నెను డిష్ అంటాం; మందు పెట్టని డిష్‌లోవి బద్ధకంగా ఉన్నాయి. నాకూ సంతోషం వేసింది, కానీ కాసేపు చూశాక అనుమానం మొదలైంది. బస్టాండులో జనం తలో దిక్కుకూ పోతారు. ఇక్కడ అన్ని కణాల్లోని అన్ని చుక్కలూ ఎడమవైపుకే పోతున్నాయి. కదిలేది చుక్కలు కాదేమో, డిష్ పెట్టే లోహపు పలక, మేం స్టేజ్ అనేది, అదేనేమో.

ముందు ఏ డిష్ పెడుతున్నావని అడిగాను. ఎప్పుడూ మందు పెట్టిందేనట. ఎందుకని అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది.

“శుక్రారం పదిన్నరకు రాహుకాలం వస్తది గదక్కా. అసలు పని అంతకుముందే మొదలుపెట్టాలె.”

రాహువుతో నాకు పేచీ లేదు. కానీ ఆమె తొమ్మిదింటికి వచ్చి, ఉడికిపోతున్న గదిలో ఏసీ వేసి, వెంటనే మందు డిష్ పెట్టేది. గది చల్లబడుతున్నంతసేపూ పలక వెంట్రుకవాసి జరుగుతుంది. దాన్ని డ్రిఫ్ట్ అంటాం. రెండో డిష్ వంతు వచ్చేసరికి అంతా కుదురుకుంటుంది.

మరుసటి శుక్రవారం డిష్‌ల వరస తారుమారు చేయించాను. ఈసారి మందు లేనివే ఉరికాయి. స్రవంతి ముఖం పాలిపోయింది.

“గైడ్ సార్ అందరికి చెప్పిండక్కా. ఇప్పుడు కమిటీకి ఏం చూపియ్యాలె?”

“జర ఆగు. ఫికర్ జెయ్యకు, చూసుడు ఇంకా అయిపోలే” అన్నాను.

అప్పటినుంచి నేనే పెందలాడే వెళ్లి ఏసీ వేసి ఉంచేదాన్ని. డిష్ అడుగున గాజుకు మెరిసే సన్నటి పూసలు అంటించాం. వాటికి సొంత కదలిక లేదు కాబట్టి, అవి ఎంత జరిగినట్టు కనబడితే అంత చుక్కల నడకలోంచి తీసేశాం. ఒకసారి ఈ డిష్ ముందుగా పెట్టాం, ఇంకోసారి ఆ డిష్. పెద్ద పరుగంతా మాయమైంది. మందు డిష్‌లో మాత్రం కొద్దిపాటి తేడా మిగిలింది, ఎన్నిసార్లు చూసినా మిగిలింది.

కమిటీ రోజు పాత వీడియో, కొత్త వీడియో రెండూ పెట్టి, స్రవంతి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఒక పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ఇంత తక్కువేనా అమ్మా అని అడిగాడు.

“తక్కువనే సార్. గనీ ఇది మందుకే కదిలింది.”

ఏడాది పొడిగించారు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు కళ్లు చెమర్చాయి. పెద్ద పరుగు చేజారిపోయాక, నిజంగా కదిలిన ఆ కాస్తనే పట్టుకుని ధైర్యంగా నిలబడొచ్చని ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను.