ఫొటోలో లేని మనిషి

పోయిన మంగళవారం పొద్దున ట్రామ్ ఎక్కబోతుంటే డిపార్ట్‌మెంట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. మా గైడు మేడమ్ ఇక లేరు. ట్రామ్ వెళ్లిపోయింది. నేను స్టాపులోనే కూర్చుండిపోయాను.

ఇక్కడి తెలుగువాళ్లు మీలో చాలామందికి ఆమె తెలియదు. జర్మనీకి, అందులోనూ ఈ లైప్‌జిగ్‌కి వచ్చే తెలుగు పిల్లలంటే కంప్యూటర్ చదువులే కదా! రష్యా రాజకీయాల వైపు వచ్చిన తిక్కదాన్ని నేనొక్కదాన్నే. నా థీసిస్ ఒక రష్యన్ నాయకుడి మీద. చిన్న ఊళ్లో గుమాస్తాగా మొదలై, అధ్యక్షుడికి నమ్మినబంటయి, మంత్రి దాకా ఎదిగినవాడు. మా అమ్మ ఫోన్లో నెత్తి కొట్టుకునేది. "గా రష్యాయన ముచ్చట నీకెందుకే? కంప్యూటర్ కోర్సు చేస్తే నౌకరన్నా దొరుకుతుండె!"

మేడమ్ తూర్పు జర్మనీలో పెరిగిన పొట్టి మనిషి. ఆ రోజుల్లో పేపర్లో రాసింది నమ్మలేక నాయకుల ఫొటోలు చూసేవాళ్లట, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరు వెనక వరసకు జరిగారు అని. ఆ అలవాటు ఆమెకు పోలేదు. బల్ల నిండా కత్తెర, భూతద్దం, పాత పేపర్లు. ల్యాప్‌టాప్ మూసి దాని మీద టీ కప్పు పెట్టేవారు. "పదవుల జాబితా ఎవరైనా రాస్తారు. మనిషి నిలబడ్డ చోటు చూడు" అనేవారు.

మహా శ్రద్ధగా చూశాను. ఒక ఏడాది పొడవునా అధ్యక్షుడి ఫొటోల్లో మా నాయకుడు లేడు. ఇంకేం, ఆయన పని అయిపోయిందని ఒక అధ్యాయం దంచేశాను.

థీసిస్ ఇవ్వడానికి పది రోజులే ఉందనగా మేడమ్ పిలిచారు. ఆ గడువు దాటితే వీసా పోయినట్టే, పెట్టె సర్దుకోవడమే.

"ఈ అధ్యాయం తప్పు" అంటూ ఆ ఏటి రష్యా జిల్లా పత్రికలు నా ముందు పడేశారు. మారుమూల ప్రాంతాల్లో అధ్యక్షుడి తరఫున అన్నీ చక్కబెడుతూ తిరుగుతున్నాడు మా మహానుభావుడు! నమ్మకం పెరిగింది కాబట్టే అంత దూరం పంపారు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మీరే కదా ఫొటోలు చూడమన్నారు?" అని సిగ్గులేకుండా ఎదురు తిరిగాను.

ఆమె నవ్వారు. "చూడమన్నాను. కనబడనివాడు పోయాడనుకోమన్నానా? ఎక్కడున్నాడో వెతకాలి."

పది రోజులూ తన వంటింటి బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. ఆమె పత్రికలు చదివి చెబుతుంటే నేను రాసేదాన్ని. నేను తీసుకెళ్లిన మామిడికాయ తొక్కు బ్రెడ్డుకు రాసుకుని, కళ్లనీళ్లు కారుతున్నా ఇంకొంచెం వేయమనేవారు. కన్నతల్లి కూడా అంత ఓపిక పట్టదు.

పాసయ్యాను. ఇప్పుడు ఇక్కడే పరిశోధన ఉద్యోగం, చేతిలో బ్లూకార్డు అనే ఉద్యోగ వీసా. "మా బిడ్డ రష్యా మొత్తం చదివింది" అని అమ్మ చుట్టాల దగ్గర గొప్పలు పోతోంది.

మంగళవారం సాయంత్రం పట్టా పుచ్చుకున్న రోజు ఫొటోలు తిరగేశాను. ఒక్కదాంట్లోనూ మేడమ్ లేరు. పక్కన నిలబెట్టుకుని ఒక్క ఫొటో అయినా దిగలేదే అని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత ఆమె మాట గుర్తొచ్చి మళ్లీ మొదటి నుంచి చూశాను.

ప్రతి ఫొటోలోనూ నేను, ఎదురుగా ఉన్న మనిషిని చూసి పగలబడి నవ్వుతున్నాను. నా కాళ్ల దగ్గర, గడ్డి మీద, రెండు మోచేతులూ ఎత్తి ఫోను పట్టుకున్న ఒక పొట్టి నీడ.