ఏడుంపావు బస్సుకి బొట్టు పెట్టి పిలుపు

చల్లపల్లి వెళ్ళే ఏడుంపావు బస్సు ఉన్నన్నాళ్ళే నా ఉద్యోగం. ఈ షరతు పెట్టింది మా అత్తగారు. కోడలు చల్లపల్లి వెళ్ళి బడిలో లెక్కలు చెప్పడం ఆవిడకి మొదటి నుంచీ గిట్టదు. ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వెళ్ళడానికి వీల్లేదు, స్కూటీ నేర్చుకుని కాలవలో పడడానికి అసలే వీల్లేదు, బస్సుంటే వెళ్ళు, లేనినాడు మానెయ్ అన్నారు. మా ఆయన ఇలాంటి సమయాల్లో పేపరు చాలా శ్రద్ధగా చదువుతాడు. దివిసీమలో బస్సుని నమ్ముకుని ఉద్యోగం చెయ్యడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే. తెలిసీ ఒప్పుకున్నాను.

ఆ మధ్య మండలాఫీసులో మీటింగు పెట్టారు. బస్సులు తక్కువ, ఊళ్ళు ఎక్కువ, కాబట్టి ఏ రూటు ముందో ఏ రోడ్డు ముందో ప్రజలే తేల్చాలట. ఊరికో కాగితం ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అవసరాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరస వెయ్యమన్నారు. ప్రతి ఊరివాళ్ళూ తమ ఊరికి ఒకటి వేసుకున్నారు. మా ప్రెసిడెంటు గారైతే ఒకటి వేసుకోవడమే కాక, మిగతా ఊళ్ళ సంగతి తీరిగ్గా చూసుకోవచ్చని కింద మర్యాదగా రాశారు కూడా. ఆఫీసరు గారు కాగితాలన్నీ తిరగేసి, నుదురు నొక్కుకుని, ఇలా కాదండీ, బస్సులో తలలు లెక్కపెడతాం, జనం లేని బస్సు తీసేస్తాం అన్నారు. మా రూటు లెక్క గురువారం అని కూడా ఆయనే నోరు జారారు.

ఏడుంపావు బస్సులో రోజూ ఎక్కేది నేనూ, ఇద్దరు కాలేజీ పిల్లలూ, చేపల బుట్టతో ఒకావిడా. అంతే.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు లోలోపల సంతోషిస్తారనుకున్నాను. ఊహూఁ. కోడలి ఉద్యోగం సంగతి అలా ఉంచు, బస్సు లేని ఊరని పక్క ఊరివాళ్ళు నవ్వుతారా అని ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. బుధవారం కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పెళ్ళికి పిలిచినట్టు బొట్టు పెట్టి మరీ బస్సుకి పిలిచారు. ఆడవాళ్ళకి బస్సు ఉచితమాయె, ఇక బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే ఏం మర్యాద? పెళ్ళికి పిలిచినట్టు పిలిచారు గనక, పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు.

ఆ బస్సు రాత్రి మా ఊళ్ళోనే ఉండి, పొద్దున్న పంచాయతీ ఆఫీసు దగ్గర బయల్దేరుతుంది. మా ఇల్లు ఊరి చివర, కాలవ లాకుల దగ్గర. నేనెప్పుడూ ఇంటి ముందే ఎక్కుతాను. గురువారం మా అత్తగారు చీకటితోనే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఏడుంపావు దాటాక బస్సు ఓ పక్కకి ఒరిగిపోతూ వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కూడా పట్టుచీరలే. మల్లెపూల వాసన, దాని వెనకే పులిహోర వాసన. చెయ్యెత్తాను. డ్రైవరు ఖాళీ లేదని సైగ చేసి వెళ్ళిపోయాడు.

నా బస్సు నిలబెట్టడానికి ఊరంతా ఎక్కితే అందులో నాకే చోటు లేదు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. బస్సు లేనినాడు మానెయ్ అన్న మాట గుర్తొచ్చి, రోడ్డు మీదే సిగ్గు విడిచి ఏడ్చేశాను.

కాస్త దూరం పోయి బస్సు ఆగింది. మా అత్తగారు కిటికీలోంచి నన్ను చూసి, కండక్టరు చేతిలో ఈల లాక్కుని ఊదారని తరవాత తెలిసింది. ఆవిడ అందర్నీ తోసుకుంటూ దిగి, రమ్మని చెయ్యూపారు. పరిగెత్తాను. లెక్క రాసే ఆయన ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో పులిహోర పొట్లంతో తలుపు దగ్గర ఇరుక్కుని ఉన్నారు. మీరెందుకు దిగడం, ఆవిడ తరవాతి బస్సుకి వస్తారులెండి అన్నారు.

"మా కోడలు బడికెళ్ళాలి బాబూ. మేమంతా మీకు కనపడ్డానికి ఎక్కాం. రోజూ వెళ్ళేది ఇది" అన్నారు మా అత్తగారు.

ఆయన నోట్లో ముద్ద మింగి, రాసిందంతా నిలువునా కొట్టేశారు. పులిహోర మాత్రం తిరిగివ్వలేదు.

వారానికి కబురొచ్చింది. ఇక చెప్పాపెట్టకుండా నెల రోజులు చూస్తారట, జనం కనపడితేనే బస్సు. ఊరి ఆడవాళ్ళు రెండు రోజులు ఎక్కి, ఆ తరవాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మా అత్తగారు మాత్రం రోజూ ఎక్కారు. చల్లపల్లిలో ఆవిడకి పనేమీ లేదు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, రెండు కట్టల గోంగూర కొనుక్కుని, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేవారు. ఎందుకండీ ఈ అవస్థ అంటే, చల్లపల్లి గోంగూర పులుపు బాగుంటుందనేవారు. మా పెరట్లో గోంగూర మడి ఉంది. నెలంతా పప్పులో అదే, పచ్చట్లో అదే. మా ఆయన పేపరు చదువుతూ తినేశాడు.

నెలాఖర్లో నాకు జ్వరం వచ్చింది. బడికి సెలవు పెట్టి పడుకున్నాను. ఏడింటికి ఆవిడ సంచీ తీసుకుని చెప్పులేసుకుంటున్నారు.

"ఇవాళ నేను వెళ్ళడం లేదుగా అత్తయ్యా, మీరెందుకు?" అన్నాను.

"రేపు వెళ్ళొద్దూ?" అని, నాకు గాలి తగలకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు.