మిలేతులో ఆగిపోయినవాడు

1978 జూలైలో నన్ను వరంగల్‌లోని ఒక ప్రభుత్వాసుపత్రిలో మగవాళ్ళ క్షయ వార్డుకు స్టాఫ్ నర్సుగా వేశారు. నా పైన హెడ్ నర్సు, ఆమె పైన డ్యూటీ డాక్టరు. ఆ రోజుల్లో క్షయకు మొదటి రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను ఇచ్చేవాళ్ళం, ఆ తర్వాత ఏడాదికి పైగా మాత్రలు. చిక్కేమిటంటే మూడో వారానికే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. రోగి నయమైందనుకుంటాడు. తెమడ పరీక్షలో మాత్రం క్రిములు ఇంకా కనబడుతూనే ఉంటాయి. అప్పుడు మందు మానితే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి అదే మందుకు లొంగదు.

ఏసోబు ఆ మూడో వారంలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళలో సువార్త చెప్పే ఒక పాస్టరు వెంట పదేళ్ళుగా హార్మోనియం మోస్తూ, పాటలు పాడుతూ తిరిగినవాడు. ఒక మధ్యాహ్నం బట్టలు మూట కట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, రేపు పొద్దుగాల అయ్యగారొస్తాండ్రు. ఆయనతోని పోత."

ఇంకా ఐదు వారాల ఇంజెక్షన్లున్నాయని చెప్పాను. తల వంచుకున్నాడు.

"మంది రోగాలకు ప్రార్థన చేసినోన్ని. నేనే దవాఖాన్ల పండుకుంటే అయ్యగారి మాట ఎవరింటరు?"

మధ్యలో వెళ్ళిపోయే రోగి చేత, వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నానని కేస్ షీటు మీద సంతకం తీసుకోవాలి. డాక్టరు రౌండ్స్‌కు వచ్చేదాకా అది కుదరదని చెప్పి, ఆ పూటకు ఆపాను.

ఇదంతా పాస్టరు నూరిపోసిందేనని తేల్చుకున్నాను. మాది మడికొండ దగ్గర వ్యవసాయ కుటుంబం, వాళ్ళ మతం గురించి నాకు తెలిసింది తక్కువ. మర్నాడు ఆయనను వరండాలోనే నిలబెట్టి, మీ వల్ల ఒక మనిషి ప్రాణం పోయేలా ఉందని కటువుగానే అన్నాను. అరవై దాటిన మనిషి. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎన్ని దినాలు ఉండాలె బిడ్డా?" తేదీ చెప్పాను.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన త్రోఫిము అనే అతని గురించి చెప్పాడు. పౌలు ఒంటికి తగిలిన గుడ్డలు తెచ్చి వేస్తేనే రోగాలు పోయేవట. ఆ పౌలే తన చివరి ఉత్తరంలో, త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతు అనే ఊళ్ళో వదిలి వచ్చానని ఒక్క ముక్క రాశాడట.

"పౌలంతటోడే తోటోన్ని మంచంల విడిచిపోయిండు. త్రోఫిముకు విశ్వాసం తక్కువాయెనా? నేను గూడ నిన్ను ఈడ విడిచిపోతాన."

ఏసోబు, "ఆయనకు నయమైందా అయ్యగారూ?" అన్నాడు.

"రాయలేదు బిడ్డా."

నయమైందని చెప్పడం ఎంతో తేలిక. చెప్పలేదు. పాస్టరు ఒక్కడే బస్టాండుకు నడిచాడు. ఏసోబు మూట విప్పి బట్టలు మంచం కింద పెట్టుకున్నాడు.

రెండు నెలలు నిండేసరికి అతని తెమడలో క్రిములు కనబడలేదు. తర్వాత ఏడాదికి పైగా నెలనెలా వచ్చి మాత్రలు తీసుకెళ్ళాడు.

సంతకం పెట్టిన కాగితం కాపాడేది మమ్మల్నే, రోగిని కాదు. అందుకని రిటైరయ్యేదాకా ప్రతి కొత్త రోగినీ ఒక ప్రశ్న అదనంగా అడిగాను: నువ్వు ఎవరి మాట వింటావు? ఫారంలో దానికి గడి లేదు, రోగి చెప్పిన పేరు అంచున పెన్సిలుతో రాసుకునేదాన్ని. ఆ పేరుగల మనిషిని పిలిపించకముందే ఏమంటాడో ఊహించుకోవడం మానేశాను.