మూలమలుపులో ఆగిన బొమ్మ కారు

దయ్యాలను నమ్మేవాళ్లను చూస్తే నాకు భయం కాదు, ఒళ్లు మంట. బండికి నిమ్మకాయలు కట్టేవాళ్లు ముందు బ్రేకులు చూపించుకుంటే మేలని ఇప్పటికీ అంటాను. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

మా బాపు లారీ డ్రైవర్. చెన్నూరు నుంచి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులకు పత్తి తోలేవాడు. దారిలో ఒక మూలమలుపు ఉంది. ఎప్పుడో రోడ్డు వేసేటప్పుడు అక్కడ ఒక కూలి రోలర్ కింద పడి చనిపోయాడట. మా వైపు డ్రైవర్లు అక్కడ బండి ఆపి, రెండుసార్లు హారన్ కొట్టి, ఆయన రోడ్డు దాటేంతసేపు ఆగి అప్పుడు కదులుతారు. పట్టపగలు, మీసాలున్న మగవాళ్లు, లేని మనిషికి దారి ఇస్తారు!

చిన్నప్పటి నుంచి నాకది నవ్వులాటే. ఒకసారి టీ హోటల్లో పదిమంది ముందు, "గా దయ్యానికి జీతమెంతిస్తుండ్రే బాపూ?" అన్నాను. బాపు టీ తాగేసి, లేచి వెళ్లిపోయాడు.

కరీంనగర్‌లో నా ఇంజనీరింగ్ అయిపోయాక ఒక కంపెనీ చిన్న పని చేసి చూపించమంది. డ్రైవర్ లేకుండా నడిచే కారును కంప్యూటర్‌లో ఉత్తుత్తి రోడ్డు మీద నడిపించాలి. నచ్చితే ఉద్యోగం. నాకు ఉద్యోగం వస్తే బాపు స్టీరింగ్ వదిలేస్తానన్నాడు. ఆయన మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

రోడ్డు కోసం బాపు లారీలోనే కూర్చుని, దారిలోని మలుపులన్నీ ఫోన్‌లో నమోదు చేసుకున్నాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో వాటినే గీశాను. ఒక రోడ్డు, ఒక కారు, అంతే. చెట్టు లేదు, మనిషి లేడు, మేక కూడా లేదు. కారుకు నేర్పింది ఒక్కటే: ముందు అడ్డుంటే ఆగు, తొలగితే కదులు.

మొదటిసారి నడిపితే కారు ఆ మూలమలుపులో ఆగింది. కాసేపు నిలబడి, తనంతట తానే కదిలింది.

నాకు నవ్వొచ్చింది. బాపు లారీ ఆపాడు కదా, అదే ఫోన్‌లో ఎక్కి ఉంటుందనుకున్నాను. అది చెరిపేసి, నా క్లాస్‌మేట్ సలీం స్కూటర్ మీద ఎక్కడా ఆగకుండా వెళ్లి మళ్లీ నమోదు చేశాను. కారు మళ్లీ అక్కడే ఆగింది. సలీం మెల్లగా, జర మీ బాపును అడుగురా అన్నాడు. చదువుకున్నవాడు అనాల్సిన మాటేనా అని కసిరాను. కోడ్ వరుస వరుసా వెతికాను. కొండంతా తవ్వినా ఎలుక కూడా దొరకలేదు. వేరే రోడ్డు గీసి పెడితే అదే కారు చక్కగా పోయింది.

చూపించాల్సిన రోజు వచ్చింది. ఏమీ లేనిచోట ఆగే కారు చూపిస్తే ఉద్యోగం ఎవడిస్తాడు? పొద్దున్నే, అడ్డు చూసి ఆగే నియమాన్ని తీసేశాను. కారు ఎక్కడా ఆగకుండా పోయింది. చూసినవాళ్లు తెగ మెచ్చుకున్నారు. అసలు దానికి ఆగడం వచ్చా అని ఆ మేధావుల్లో ఒక్కరూ అడగలేదు. ఉద్యోగం ఖాయమైంది.

సాయంత్రం బాపుకు అదే మళ్లీ నడిపి చూపించాను. మలుపు రాగానే ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కారు ఆగకుండా పోయింది.

"గాడ ఆగలేదేంది బిడ్డా?"

ఆగకుండా నేనే చేశానని గొప్పగా చెప్పాను.

"మరి గాయన పక్కకు జరిగిండా?"

ఎగతాళి కాదు, కోపం కాదు. నిజంగానే అడిగాడు. కారు నడిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఒక చిట్టా రాస్తుంది: వేగం, దూరం, దేన్నైనా ఢీకొట్టిందా అన్నది. సంబరంలో పడి నేను దాన్ని తెరవలేదు. బాపు నోరు మూయిద్దామని అప్పుడు తెరిచాను. సరిగ్గా ఆ మలుపు దగ్గర, ఢీకొన్నవి ఒకటి అని ఉంది. దేన్ని ఢీకొట్టిందో రాయాల్సిన చోట ఖాళీ.

"జరిగిండు బాపూ," అన్నాను. ఆయన తల ఊపి తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు.

బాపు లారీ మానేశాడు. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

పోయిన నెల మధ్యాహ్నం పూట బైక్ మీద ఆదిలాబాద్ పోతూ ఆ మలుపులో ఆగాను. రెండుసార్లు హారన్ కొట్టాను. ఎంతసేపు ఆగాలో బాపును ఎన్నడూ అడగలేదు కాబట్టి తెలియక అలాగే నిలబడ్డాను. వెనక ఒక పత్తి లారీ వచ్చి ఆగింది. నేను కదిలేదాకా ఆ డ్రైవర్ నన్ను తొందరపెట్టలేదు.