జోజప్ప పాట ఏ సినిమాది?

లూర్దమ్మక్కకు అనుమానం ఎక్కువ. పాలవాడిని నమ్మదు, ఆఖరికి మా ఫాదర్ గారి గడియారాన్నీ నమ్మదు. అన్నిటికంటే కొత్త పాటల్ని నమ్మదు. మా పుంగనూరు చర్చిని మేం గుడి అనే అంటాం, ఆ గుడిలో పాటల జట్టుకు ఆమే పెద్ద. ఒకసారి పండుగ పూజలో ఫాదర్ గారు సత్ప్రసాదం పంచేటప్పుడు పాడే పాట మేం అందుకోగానే వెనక బెంచీల్లో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. అది సినిమా ట్యూనని తర్వాత తెలిసింది. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు.

అప్పట్నుంచి ఏ పాటైనా గుడిలోకి రావాలంటే ముందు టమాటా మార్కెట్‌కు పోయి రావాల్సిందే. అక్కడ టమాటాలమ్మే మంగమ్మ ఉండేది, వచ్చిన సినిమా వదలని మనిషి. లూర్దమ్మక్క ఆమె ముందు కూర్చుని మాటలు లేకుండా రాగం తీసేది. మంగమ్మ సినిమా పేరు చెప్పిందా, ఆ పాట పని అయిపోయినట్టే.

1999లో టైలర్ జోజప్ప ఒక సత్ప్రసాదం పాట తెచ్చాడు. అరవదేశం అంచునున్న కుప్పం నుంచి వచ్చి మా ఊళ్లో మిషను పెట్టుకున్న మనిషి. పాట తానే కట్టానన్నాడు. గుడి పండుగకు మదనపల్లె జట్టు వస్తుంది, వాళ్లకు నచ్చితే అక్కడి గుడిలోనూ పాడతారని అతని ఆశ. విని మాకు కళ్లు చెమర్చాయి. లూర్దమ్మక్కకు అనుమానం పెరిగింది.

"ఇంత బాగుండాదంటే ఇది నీది కాదప్పా," అనేసింది.

మంగమ్మ ఎరగనంది. "ఇంగోసారి పాడమ్మా, బాగుండాది," అంది. క్యాసెట్ల అంగడి అరుణ్ కుమారూ ఎరగనన్నాడు. అయితే అరవ సినిమాదే అయ్యుంటుందని లూర్దమ్మక్క కుప్పం బస్సెక్కింది. కుప్పంలోనూ మా బస్టాండులోనూ కండక్టర్లను, టీ అంగళ్లవాళ్లను, పూలమ్మేవాళ్లను, ఎవరినీ వదల్లేదు. ఒక్కొక్కరికీ ఒకటికి నాలుగుసార్లు వినిపించింది. ఎవరికీ తెలియకపోయేసరికి, మొహం ముడుచుకునే ఒప్పుకుంది.

పండుగనాడు మనసారా పాడాం. పూజ అయ్యాక మదనపల్లె జట్టు పెద్ద ఝాన్సీ, లూర్దమ్మక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"బాగుండాదక్కా. ఏ సినిమాది?"

"సినిమాదా? మా జోజప్ప కట్టినాడు."

"ఊరుకోక్కా. పొద్దున్నుంచీ ఇంటాండా. బస్సులో కండక్టరు ఈల వేస్తాండాడు. టీ అంగట్లో పాడతాండారు. మార్కెట్‌లో టమాటాలామె పాడతాండాది. ఊరందరికీ వచ్చిన పాట ఈయన కట్టినాడా?"

"నేనేమ్మా ఊరంతా తిప్పింది," అంది లూర్దమ్మక్క. ఆ మాట ఆమెకే అబద్ధంలా వినిపించినట్టుంది. ఝాన్సీ సరేలే అన్నట్టు నవ్వింది. ఇన్నేళ్లూ కొత్త పాట తెచ్చిన ప్రతివాడిని చూసీ లూర్దమ్మక్క అలాగే నవ్వేది. హార్మోనియం ముందు జోజప్ప అంతా విని తల దించుకున్నాడు.

పాట మదనపల్లెకు పోలేదు. లూర్దమ్మక్క మళ్లీ మార్కెట్టూ, బస్టాండూ తిరిగింది, ఈసారి అది జోజప్ప పాటని చెప్పడానికి. జనం ఆమెను చూసి జాలిగా నవ్వారు. మంగమ్మ ఒక్కతే నమ్మింది.

"నాకు తెలీని సినిమా యాడుండాదమ్మా?" అంది.