పెట్టె మీద తడి గోనె

ఏండ్ల సంది గీ మాట గొంతుల ఇరికున్నది. మింగలేను, కక్కలేను. పేరు రాసుకునుడు తప్ప నాకు రాత రాదు. పక్కింటామె రాస్తాంటె చెప్తున్న. మీరెవలో నాకెరుకలే. అందుకే మీకు చెప్పబుద్ధయితంది.

నా మొగడు శ్రీరాంపూర్ బాయిల బొగ్గు తవ్వినోడు. నౌకరి దిగిపోయినంక నస్పూర్ల ఉన్నం. ఒక్కతే బిడ్డ, పెద్ద సదువు. ఆ ఎండకాలం ఇంటికొచ్చి ఎనుక అర్రల కంప్యూటర్ పెట్టె పెట్టుకున్నది. రాత్రి పగలు బందు చెయ్యొద్దన్నది. ఏం జేస్తది బిడ్డా గది అంటె, ఎక్కడ్నో ఒక సుక్క పక్కపొంటి పెద్ద గ్రహమున్నదట. నేలే లేదట, అంత ఉడుకు గాలేనట. ఒక మొఖం ఎప్పటికి పగలే, ఇంకో మొఖం ఎప్పటికి రాత్రే. గా ఉడుకును గాలి చీకటి దిక్కు ఎట్ల మోస్కపోతదో పెట్టె లెక్కగడ్తదట.

"అంటె ఆడ పగటి షిఫ్టు అయిపోవుడే లేదన్నట్టు!" అని నవ్విండు మా ఆయన.

ఒకనాడు బిడ్డ బజారుకు పోయింది. పెట్టె మీద చెయ్యి పెడితె సుర్రుమన్నది. కిటికీకి తడి గోనె కడ్తె ఇల్లు సల్లవడ్తది గద, దీనికి గూడ సల్లగుంటదనుకున్న. నిండ తడిపి కప్పిన. మంచికే, ఒట్టు. జరసేపటికి కాలిన వాసన. గోనె గుంజి దండెం మీదేసిన. ఎందుకేసిన? దాసిపెట్టుడు అప్పుడే మొదలువెట్టిన్నా?

బిడ్డ వచ్చి సూసింది. నెలల సంది నడిచిన లెక్క అంత అండ్లనే కాలింది.

"బాపూ, మళ్ల కూలర్ గీ బోర్డుకే పెట్టినవా? ఫ్యూజ్ పోతదని ఎన్నిసార్లు మొత్తుకున్న!"

ఆయన దండెం దిక్కు సూసిండు. గోనె నుంచి ఇంక నీళ్లు కారుతున్నయి. నా దిక్కు సూసిండు.

"అవ్ బిడ్డా. నేనే పెట్టిన. మతి లేనోన్ని."

నేను నోరు తెరవలే. బిడ్డ ముంగట ఏం తెల్వనిదాన్నయితనని సిగ్గువడ్డనా, లేకుంటె ఎట్లన్న ఆయన మీద పడ్డది గద, నాల్గొద్దులైతె అదే మర్సిపోతదని లోపల సంబురవడ్డనా? మర్వలే. ఆ ఏడు దాని సదువు ఆగింది. బాపుతోని మాట బందువెట్టింది. దాని ఫోన్ వస్తె నేను మాట్లాడుతుండంగ ఆయన తలకాయ లేపి, "మంచిగున్నదా" అని సైగ జేసేటోడు. నన్ను మాత్రం ఒక్క మాట అన్లే. అంటె బాగుండు.

దమ్ము బీమారితోని ఆయన పోయిండు. బిడ్డ వచ్చి బాపు కాళ్ల కాడ కూసున్నది. అప్పుడన్న చెప్పాలె. చెప్పలే.

ఇప్పటికి ఎండలైతె గోనె తడిపి కిటికీకి కడ్త. దానెనుక ఆయన నిలవడ్డట్టె ఉంటది. ఏం అనడు.

బిడ్డా, పెట్టె మీద గోనె కప్పింది నేను. బాపు గాదు.

గిది పైకి అనుడు ఇదే మొదలు. గొంతుల జర గాలి ఆడుతంది.